చదువులో గానుగ బాట

గానుగకు కట్టిన యెద్దు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు నడచుచునే యుండును. అది నడచిన దూరమును కొలిచినచో కొన్ని ఆమడలు కావచ్చును. కాని సాయంకాలమున చూచినచో బయలుదేరిన చోటనే యుండును. పుస్తకములు చదువు అలవాటు గల వారిలో పలువురి స్థితి ఒక్కొక్కప్పుడు ఇట్లే యగును. ఒకరు అపరాధ పరిశోధక నవలలు తప్ప వేరొకటి ముట్టరు. మరొకరికి భక్తి గ్రంథములే లోకము. ఇంకొకరు ఉద్యోగ పరీక్షలకు పనికివచ్చు పుస్తకములను దాటి పోరు. ఏండ్లు గడచును. చదివిన పుటలు వేలకొలది యగును. అయినను ఈ సంవత్సరము కొత్తగా తెలిసినదేమి యని తమ్ము తాము ప్రశ్నించుకొన్నచో వెంటనే సమాధానము తోచదు. కొంతకాలమునకు పుస్తకము తెరచినంతనే ఆవులింత వచ్చును. అప్పుడు ఆ చదువరి “చదువుపై ఆసక్తి పోయినది” అని నిశ్చయించుకొని పుస్తకములనే మానివేయును.

నిజమునకు అచ్చట పోయినది ఆసక్తి కాదు. ఒకే చోట వెదకగా వెదకగా ఆ చోట దొరకునది తరిగిపోయినది. ఈ రెంటికిని గల భేదము గొప్పది. ఆసక్తియే నశించినదన్నచో చేయగలిగినది లేదు. చోటు వట్టిపోయినదన్నచో దానికి మందు సులభము. మరియొక చోటికి కదలవలెను. అయితే ఎప్పుడు కదలవలెను, ఎంత దూరము కదలవలెను, కదలుట ఏల కష్టముగా తోచును అను ప్రశ్నలు మిగిలియున్నవి. ఆహారమును వెదకుకొను ప్రాణులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలకే సమాధానములు చెప్పియున్నారు. చదువరియు ఒక విధమైన మేతను వెదకుకొనువాడే కనుక ఆ సమాధానములు అతనికిని వర్తించును.

తేనెటీగల పద్ధతి

ఎండాకాలము ఆరంభమున తెలంగాణ పల్లెలలో వేప, కానుగ, చింత చెట్లు పూతపట్టును. ఆ కాలమున ఒక తేనెటీగను కనిపెట్టి చూచినచో ఒక వింత తెలియును. అది కానుగ పూలపై వ్రాలుట మొదలిడినచో ఆ విహారమంతయు ఎక్కువగా కానుగ పూలనే దర్శించును. ప్రక్కనే వేపపూత విరగబూసియున్నను దానివైపు పోదు. ఈ స్వభావమును ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు సైతము గుర్తించి వ్రాసియున్నాడు. ఇది మూర్ఖత్వము కాదు. ఒక్కొక్క జాతి పువ్వు నిర్మాణము ఒక్కొక్క విధముగ నుండును. మకరందము ఏ మూల నున్నదో, నాలుక నెట్లు చొప్పించవలెనో ఈగ నేర్చుకొనవలెను. నేర్చిన పనినే మరల మరల చేయుటచే కాలము కలిసివచ్చును. అలవాటుపడిన రచయితనే మరల చదువు పాఠకుడును ఇదే లాభమును పొందుచున్నాడు. అతనికి ఆ రచయిత పలుకుబడి తెలియును, కథ నడపు తీరు తెలియును. చదువు సాఫీగా సాగును.

కాని పట్టులోని ఈగలన్నియు ఇట్లే చేసినచో కానుగ పూత రాలిననాడు పట్టంతయు పస్తుండవలసి వచ్చును. అందుచేత బయట తిరుగు ఈగలలో కొద్ది భాగము ఎవరును చూపని చోట్లకు పోయి కొత్త పూలను వెదకుచుండును. వీటిని వేగు ఈగలనవచ్చును. వేగు ఈగ మంచి పూల చోటును కనుగొన్నచో పట్టుకు తిరిగివచ్చి, తెట్టెపై ఒక విధమైన నాట్యము చేయును. నాట్యరేఖ నిలువు దిశతో చేయు కోణము పూలు సూర్యునికి ఎంత ప్రక్కగా నున్నవో తెలుపును. తోకను ఊపుచు నడచు కాలము దూరమును తెలుపును. ఆ నాట్యమును అనుసరించి తక్కిన ఈగలు బయలుదేరును. ఈ భాషను వివరించిన ఆస్ట్రియా దేశీయుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానము లభించెను.

ఇందులోని ఏర్పాటు గమనింపదగినది. అన్ని ఈగలును వేగులైనచో తేనె చేరదు. ఒక్కటియు వేగు కాకున్నచో రేపటి తేనె యుండదు. చదువరి ఒక్కడే యైనను అతని కాలమును ఈ విధముగా పంచుకొనవచ్చును. అధిక భాగము తెలిసిన పూలకు, కొంత భాగము వేగునకు. గానుగ బాట పట్టిన చదువరిలో వేగు ఈగ చనిపోయినదన్నమాట.

నేడు చేతిలోని ఫోను సైతము పుస్తకములను సూచించుచున్నది. అది సాధారణముగా చదువరి ఇదివరలో కొన్నవానిని, అట్టివే కొన్న ఇతరులు ఎంచుకొన్నవానిని చూచి సూచించును. అనగా అది నాట్యము చూచి పోవు ఈగ వంటిదే కాని వేగు కాదు. దానిపైననే ఆధారపడినచో బాట మరింత లోతుగా పడును.

ఎప్పుడు కదలవలెను?

1976లో ఎరిక్ చార్నోవ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మేత చోటును విడుచుటకు తగిన సమయమెట్టిదో గణితముచే నిరూపించెను. ఒక పొదలో పండ్లు తినుచున్న పక్షిని ఊహింపుడు. మొదట పండ్లు చేతికందినట్లు దొరకును. తిన్నకొలది తరిగి, నిమిషమునకు దొరకునవి తగ్గిపోవును. పొదలో కడపటి పండు వరకు ఉండుట లాభము కాదు. ఆ అడవిలో దారిఖర్చుతో సహా లెక్కవేయగా సగటున నిమిషమునకు ఎన్ని పండ్లు దొరకునో, ఈ పొదలో దొరకునవి అంతకు తగ్గిన క్షణముననే ఎగిరిపోవలెను. ఇది సిద్ధాంతము.

దీనినుండి మరొక విషయమును తేలుచున్నది. తరువాతి పొదకు దారి ఎంత దీర్ఘమైనచో పక్షి ఈ పొదలో అంత ఎక్కువ సేపు నిలుచును. 1977లో ఇంగ్లండులో రిచర్డ్ కౌవీ అను శాస్త్రజ్ఞుడు పిచ్చుకంత పిట్టలతో దీనిని పరీక్షించెను. రంపపు పొట్టు నింపిన గిన్నెలలో పురుగు ముక్కలను దాచి, గిన్నెలపై మూతలు పెట్టెను. మూత తేలికగా తెరచుకొనునప్పుడు పిట్టలు ఒక గిన్నెను త్వరగా వదలి మరొక దానికి పోయినవి. మూత గట్టిగా నున్నప్పుడు మొదటి గిన్నెలోనే చాలసేపు వెదకుచుండినవి.

గానుగ బాటకు కారణము ఇచ్చటనే తెలియుచున్నది. ఒకే రకపు పుస్తకములలో చిక్కుకొన్న చదువరి సోమరి కాడు. అతనికి తరువాతి గిన్నెపై మూత బిగువుగా తోచుచున్నది. ఆ మూతలు పలువిధములు. రచయితల పేర్లు తెలియవు. పారిభాషిక పదములు కొత్తవి. పుస్తకము ఖరీదెక్కువ. గ్రంథాలయము దూరము. “ఇది మనకర్థము కాదు” అను వెనుకంజ అన్నింటికంటె బిగువైన మూత. కనుక చదువరిని మందలించుట వలన ప్రయోజనము లేదు. మూతను వదులు చేయవలెను.

మొదటి పుస్తకము ఏల చేదుగా నుండును?

ఎందరో కొత్త శాస్త్రమునకు సంబంధించిన ఒక పుస్తకము తెరచి, ఇరువది పుటలు చదివి, రుచింపలేదని మూసివేయుదురు. దీనికి కారణము తెలిసినచో ఓపిక కలుగును.

చదివినది అర్థమగుటకు అక్షరజ్ఞానము ఒక్కటే చాలదు. విషయమును గూర్చి ముందుగా కొంత తెలిసియుండవలెను. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అను ఇరువురు పరిశోధకులు 64 మంది బాలబాలికలకు బేస్‌బాల్ ఆటను వర్ణించు ఒక ఘట్టమును చదువనిచ్చిరి. వారిలో చదువులో నేర్పరులు కొందరు, వెనుకబడినవారు కొందరు. ఇరు తెగలలోను ఆటను బాగుగా ఎరిగినవారును, ఎరుగనివారును ఉండిరి. ఫలితము విచిత్రము. ఆట నెరిగిన వెనుకబడిన పిల్లలు, ఆట నెరుగని నేర్పరులకంటె ఎక్కువ జ్ఞాపకముంచుకొనిరి. మన దేశములో దీనికి క్రికెట్టును ఉదాహరణగా తీసికొనవచ్చును. వికెట్టు, ఓవరు, గుగ్లీ అను మాటలు ఎరుగని పండితునికి ఆట వార్త చదివినను ఏమియు తెలియదు. బజారులో ఆడుకొను కుర్రవానికి అంతయు తెలియును.

కొత్త విషయముపై మొదటి పుస్తకము చదువునప్పుడు ప్రతి చదువరియు ఆట నెరుగని పండితుని వంటివాడే. అందులో సగము అర్థము కాదు. కాని అర్థమైన సగము రెండవ పుస్తకమునకు పునాది యగును. రెండవది మూడవదానికి పునాది. దీనిని ఊహాసంఖ్యలతో చూపవచ్చును. పాతరకపు నవల ఒకటి రెండు రోజులలో ముగియుననియు, దానివలన ఒక్క కొత్త విషయము తెలియుననియు అనుకొన్నచో రోజునకు అర విషయము లభించినట్లు. కొత్త శాస్త్రములో మొదటి పుస్తకము 8 రోజులు పట్టి 3 విషయములు తెలిపినచో, రోజునకు అర కంటెను తక్కువ. ఇచ్చట ఆగినవాడు పాత నవలయే మేలని తీర్మానించును. కాని రెండవ పుస్తకము 5 రోజులలో 5 విషయములను, మూడవది 4 రోజులలో 8 విషయములను తెలిపినచో మొత్తము 17 రోజులలో 16 విషయములు తెలిసినట్లు. ఆ 17 రోజులును పాత బాటలోనే నడచినచో తెలియునవి 8 లేక 9 మాత్రమే. కావున కొత్త విషయమునకు మొదటి పుస్తకముతోనే తీర్పు చెప్పరాదు. మూడింటి వరకు గడువీయవలెను.

రుచి విషయమునను ఇంతే. మరల మరల కంటబడినంత మాత్రముననే వస్తువులపై ఇష్టము పెరుగునని 1968లో రాబర్ట్ జయాన్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో చూపెను. అర్థములేని మాటలు సైతము పలుమార్లు చూచినవారికి మంచివిగా తోచినవి. “ఇదే నా అభిరుచి” అని మనిషి అనుకొనునది కొంతవరకు పరిచయమే. పరిచయమును మార్చినచో అభిరుచియు మారును.

తెలుగునాట తీసిన మూతలు

ఈ సిద్ధాంతములు వెలువడుటకు ఎన్నో ఏండ్లకు ముందే తెలుగువారు ఈ సమస్యను ఎదుర్కొని, తమకు తోచిన ఉపాయములను ఆచరణలో పెట్టిరి. 20వ శతాబ్ది ఆరంభమున తెలుగులో చదువరికి దొరకునవి ఎక్కువగా కావ్యములు, పురాణములు, శతకములు. చరిత్రను గాని, రసాయన శాస్త్రమును గాని తెలుగులో చదువగోరువానికి దారి చాల ఇరుకుగా నుండెను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము స్థాపితమైనది. 1906లో అదే నగరములో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగువారి ప్రయత్నముచే విజ్ఞాన చంద్రికా మండలి వెలసినది. మండలి మొదటి పుస్తకముగా గాడిచర్ల వ్రాసిన అబ్రహాము లింకను చరిత్ర 1907లో వెలువడెను. తరువాత మండలి కార్యస్థానము చెన్నపట్నమునకు మారినది.

మండలి ఎంచుకొన్న క్రమము గమనింపదగినది. దేశచరిత్రలు, జీవితచరిత్రలు, రసాయన శాస్త్రము, జంతుశాస్త్రము, అర్థశాస్త్రము ఒకే గ్రంథమాలలో వెలువడినవి. వాటి నడుమ నవలలను సైతము ప్రకటించిరి. చారిత్రక నవల కొరకు చేరిన చందాదారుని ఇంటికి మరుసటి తడవ రసాయన శాస్త్రము వచ్చి చేరును. అతడు వెదకకయే కొత్త చోటు అతని యొద్దకు వచ్చెను. లక్ష్మణరావు 1915 ప్రాంతమున ఆరంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వములోను ఇదే గుణమున్నది. అకారాది క్రమములో శాస్త్రములన్నియు పక్కపక్కనే నిలుచును కనుక ఒక మాటకై తెరచినవాడు వేరొక శాస్త్రములోనికి జారును.

పుస్తకము లభించు దూరమును తగ్గించినవారు మరికొందరు. అయ్యంకి వెంకటరమణయ్య నాయకత్వమున 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు మండలములో పడవపై గ్రంథాలయమును నడపెను. కాలువ గట్టున పల్లెవాసి నిలుచున్నచో గ్రంథాలయమే అతని వద్దకు తేలివచ్చెను. తెలంగాణములో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను చేతబట్టుకొని తిరిగి అమ్మెను. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రములలో ప్రతి పాఠకునికి అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు అను రెండును, పాఠకుని కాలమును ఆదాచేయవలెనను మరొకటియు ఉన్నవి. పిట్టల గిన్నెలపై మూతను వదులు చేయుటయే వీరందరు చేసిన పని.

ఒక ఊరు, పలు బీరువాలు

కొత్త విషయమునకు పోవుటకు మిక్కిలి సులభమైన దారి ఇదివరకే తెలిసినదానినుండి బయలుదేరుట. తన ఊరు ప్రతివానికిని తెలిసినదే. హైదరాబాదునకు దక్షిణమున, బెంగుళూరు రాజమార్గముపై నున్న శంషాబాదును ఉదాహరణగా గ్రహింపవచ్చును. బేగంపేటలోని పాత విమానాశ్రయమునకు బదులుగా ఇచ్చట నిర్మించిన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునుండి 2008 మార్చి 23న విమానములు ఎగురనారంభించినవి. అక్కడ పనిచేయువారును, చుట్టుపట్ల గ్రామములవారును, ప్రయాణికులును దినదినము చూచు వస్తువులే పలు శాస్త్రములకు తలుపులు.

అనేక గ్రంథాలయములు అనుసరించు డ్యూయీ దశాంశ వర్గీకరణము 1876లో వెలువడినది. అది పుస్తకములన్నిటిని 000 మొదలు 999 వరకు గల సంఖ్యలలో విభజించును. తెలుగు సాహిత్యము సంఖ్య 894.827. తెలుగు కథలు మాత్రమే చదువువాడు గ్రంథాలయమునకు ఎన్నిమార్లు పోయినను ఆ ఒక్క బీరువా యొద్దనే నిలుచును. ఒక జాతి పుస్తకములన్నియు ఒకచోట నుండుట వెదకువానికి మేలు. కాని అదియే గానుగ బాటను గట్టిచేయును. ఆ సంఖ్యలనే పటముగా వాడుకొన్నచో బయటికి దారియు దొరకును.

శంషాబాదు విమానాశ్రయములోని పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంత పొడవేల? ఈ ప్రదేశము సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగిన కొలది గాలి పలుచనగును. వేడిమియు గాలిని పలుచన చేయును. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరినపుడు ఇచ్చటి గాలి, సముద్రతీరమున 15 డిగ్రీలలో ఉండు గాలికంటె సుమారు ఏడవ వంతు పలుచగా నుండును. పలుచని గాలిలో రెక్కలకు తగిన ఎత్తుబలము కలుగుటకు విమానము ఎక్కువ వేగముతో పరుగెత్తవలెను. ఆ వేగమందుకొనుటకు ఎక్కువ నేల కావలెను. ఈ ఒక్క ప్రశ్న చదువరిని విమాన శాస్త్రమునకు, అనగా 629.13 సంఖ్యకును, వాతావరణ శాస్త్రమునకు, అనగా 551.5 సంఖ్యకును కొనిపోవును.

ఆ రన్‌వేపై గ్రద్ద, తీతువు వంటి పక్షులు తిరుగుట అపాయకరము. విమానపు ఇంజనులో పక్షి చిక్కినచో ప్రాణనష్టము కలుగవచ్చును. అందుచేతనే విమానాశ్రయమునకు 10 కిలోమీటర్లలోపల బయట జంతువులను వధించుటగాని, చెత్త పారవేయుటగాని కూడదని 1937 నాటి విమాన నియమములు నిషేధించినవి. ఏ పక్షి ఎప్పుడు, ఏ మేతకు వచ్చునో తెలియవలెనన్నచో 598 సంఖ్యగల పక్షిశాస్త్రము చదువవలెను. దారి ప్రక్కన కనబడు బండరాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు జాతివి. వాటి కథ 552 సంఖ్యలో నున్నది. సమీపమున నర్కూడ గ్రామములోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము 13వ శతాబ్ది నాటిదని చెప్పుదురు. దాని గోపురమును చూచి ఆనందించినవారికి ఆలయ వాస్తువును వర్ణించు 726 సంఖ్య పరాయిది కాదు.

ఊరి పేరులోను ఒక పాఠము దాగియున్నది. పైగా వంశపు ప్రభువులకు షంసుల్ ఉమ్రా అను బిరుదముండెను. శంషాబాదు ఆ పేరుతోనే ఏర్పడినదని చెప్పుదురు. ఆ బిరుదము ధరించిన ఫఖ్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్ది పూర్వార్ధములో హైదరాబాదున ముద్రణాలయమును నెలకొల్పి, పాశ్చాత్య శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసెను. వానిలో సిత్తయె షంసియా అను ఆరు చిన్న గ్రంథముల సంపుటి ప్రసిద్ధము. అందు యంత్రములు, ఖగోళము, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు చర్చింపబడినవి. విమానము లేని కాలమున గాలి స్వభావమును తెలుపు పుస్తకమును వెలువరించిన ప్రభువంశపు బిరుదముతో ఏర్పడిన ఊరిలో నేడు విమానములు వ్రాలుచున్నవి.

ఇవన్నియు కేవలము ముచ్చటలు కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదును ముంచివేసినది. దాని తరువాత వరదను ఆపి, నగరమునకు మంచినీరిచ్చుటకు 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో శంషాబాదునకు చేరువన ఈసీ నదిపై హిమాయత్‌సాగరు నిర్మాణము పూర్తి యైనవి. ఈ జలాశయములకు నీరు వచ్చు ప్రాంతమును కాపాడుటకై 1996లో వెలువడిన 111వ సంఖ్య గల ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములలో నిర్మాణములపై ఆంక్షలు విధించినది. 2022లో వెలువడిన 69వ సంఖ్య ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించుటకు పూనుకొన్నది. ఆ గ్రామములలో భూమి గల రైతునకు ఇది పొలము ధరకు సంబంధించిన సంగతి. నగరవాసికి త్రాగునీటికిని, వరదకును సంబంధించిన సంగతి. దీనిపై ఆలోచించి ఒక నిర్ణయమునకు రావలెనన్నచో వాన నీరు రాతినేలలో ఎట్లు ప్రవహించునో, జలాశయము ఎట్లు పూడిపోవునో, చట్టమేమి చెప్పునో, భూమి ధర ఏల పెరుగునో కొంతకొంత తెలియవలెను. ఏ ఒక్క బీరువాలోను దీని సమాధానము లేదు. ఒకే బాటలో చదివినవాడు ఇట్టి సమయమున ఇతరులు చెప్పినదానిని నమ్మవలసినదే. పలుతీరుల చదివినవాడు చెప్పినవానిని ప్రశ్నింపగలడు.

చేయదగిన పని

గానుగ బాటనుండి వెలువడుటకు పెద్ద శపథములు అక్కరలేదు. ఈ క్రింది చిన్న నియమములు చాలును.

మొదటిది, పాత చోటును పూర్తిగా విడువరాదు. తేనెటీగల పట్టు అంతయు వేగులతో నిండదు. నాలుగు పుస్తకములలో మూడు తనకు ప్రియమైనవి చదివి, నాలుగవది ఎన్నడును ముట్టనిది ఎంచుకొన్నచో చాలును.

రెండవది, దగ్గరి చోటికి ముందు పోవలెను. అపరాధ పరిశోధక నవలలు ఇష్టపడువారికి వ్రేలిముద్రలు, విషములు, రక్తపరీక్షలు మొదలగు నేరపరిశోధన శాస్త్రము పొరుగిల్లు. పురాణములు చదువువారికి శాసనములు, దేవాలయ శిల్పము పొరుగిండ్లు. పోటీ పరీక్షలకు భూగోళము బట్టీపట్టుచున్న విద్యార్థికి ఒక యాత్రాచరిత్ర పొరుగిల్లు. ఆ యాత్రికుని వెంట నడచిన నది పేరును అతడు మరల బట్టీపట్టనక్కరలేదు.

మూడవది, చిన్న పుస్తకముతో మొదలిడవలెను. బాలల కొరకు వ్రాసిన శాస్త్ర పుస్తకమును పెద్దలు చదువుటకు సిగ్గుపడనక్కరలేదు. పారిభాషిక పదములను అది ఒక్కొక్కటిగా పరిచయము చేయును. మూత అంతమేర వదులగును.

నాలుగవది, కొత్త విషయమునకు మూడు పుస్తకముల గడువీయవలెను. కాని ఏదైన ఒక పుస్తకము బొత్తిగా రుచింపనిచో దానిని మధ్యలో విడుచుట దోషము కాదు. ఎండిన పొదలో కూర్చుండు పక్షి బ్రతుకదు. పుస్తకమును విడువవచ్చును, విషయమును మాత్రము తొందరపడి విడువరాదు.

అయిదవది, ఇతరులను వేగులుగా గ్రహింపవలెను. ఇరుగుపొరుగున ఉన్న నలుగురు తమకు నచ్చిన పుస్తకమును నెలకొకటి చొప్పున మార్చుకొన్నచో, ఒక్కొక్కరికి తాము వెదకని మూడు చోట్లు తెలియును. తెట్టెపై ఈగ చేయు నాట్యమునకు ఇది మానవుల పద్ధతి. గ్రంథపాలకుడు ఇట్టి వేగులలో ముఖ్యుడు. “నేనిది చదివితిని, దీని పొరుగున ఏమున్నది?” అని అతని నడుగుట మంచి అలవాటు.

ఇట్లు పలు దిక్కుల తిరిగినచో ఏ విషయమునందును లోతు కుదరదని కొందరు శంకింపవచ్చును. వేగు ఈగ పని ఇల్లిల్లు తిరుగుట కాదు. మంచి చోటు దొరకినంతనే అచ్చట నిలిచి తేనె తెచ్చుట. చదువరియు వెదకి, నచ్చినచోట నిలిచి, లోతునకు దిగవచ్చును. ఎన్నడును వెదకనివాడు తాను నిలిచిన చోటు లోతైనదో కాదో ఎట్లు తెలిసికొనగలడు? కొత్త చోటు చూచి వచ్చినవానికి పాత పుస్తకమును కొత్తగా కనబడును. నేల సంగతి, నీటి సంగతి కొంత తెలిసినవాడు ఒక పల్లె నవలను మరల తెరచినచో, అందులోని కరవు అతనికి ఇదివరలో తోచని అర్థముతో తోచును.

గ్రంథాలయ చట్టములచే ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖలు తెలుగు రాష్ట్రములలో అనేక పట్టణములలోను, పల్లెలలోను ఉన్నవి. ఇంటిపన్నుతో పాటు ప్రజలు చెల్లించు సెస్సుతోనే వాటిలో పుస్తకములు చేరుచున్నవి. అనగా ఆ బీరువాలన్నిటికిని ఖరీదు ఇదివరకే చెల్లింపబడినది. వాటిలో ఒక్కదాని ముందే నిలుచుట తన సొమ్ములో అధిక భాగమును తానే వదలుకొనుట. ఈసారి గ్రంథాలయమునకు పోయినవారు అలవాటైన బీరువా నుండి ఒక పుస్తకము తీసికొని, దానికి నాలుగు బారల దూరమున నున్న మరొక బీరువాలోని సన్నని పుస్తకమొకటి దానిపై పెట్టుకొని రావలెను. గానుగ కట్టు విప్పుటకు ఆ నాలుగు బారల నడక చాలును.